నారతాడు కోట్వార్

"జొరం తగ్గిందా పంతులూ?"

తోంగ్‌పాల్‌లో బస్సు దిగి, సంత పక్కన టీ గ్లాసు పట్టుకుని నిలబడితే వెనక నుంచి ఒకామె అడిగిన మాట ఇది. తిరిగి చూశాను. ముప్ఫై అయిదేళ్ళ మనిషి. పక్కన తొమ్మిదేళ్ళ పిల్ల. ఇద్దరి మధ్యా నేల మీద ఒక రేకుపెట్టె. నాకు జ్వరం లేదు. ఈ మధ్య వచ్చిందీ లేదు. ఎవరో అనుకుని నన్ను పలకరిస్తోంది కాబోలు, చెబుదామని నోరు తెరిచేలోగా ఆమె నవ్వింది. చప్పుడు లేని నవ్వు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటే భుజాలు మాత్రం ఎగిరెగిరి పడుతున్నాయి. తెలియనివాళ్ళు చూస్తే దగ్గు తెర వచ్చిందనుకుంటారు. అలా నవ్వే మనిషిని నేను నా జన్మలో ఇంకొక్కరినే చూశాను.

"తాత ఎలా ఉన్నాడు?" అన్నాను.

"పోయిండు. నాలుగు వానలైంది."

టీ చల్లారిపోయింది. ఆ జ్వరం సంగతి చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. కానీ ముందు ఆ మనిషిని చూపించకపోతే నేను చేసిన పని ఎంత నీచమైందో మీకు తెలియదు.

బస్తర్ ఇంకా రాజ్యంగా ఉన్న రోజులు. నాకు ఇరవై రెండేళ్ళు. మాది గోదావరి ఒడ్డున, భద్రాచలం దగ్గర పల్లె. బస్తర్ అడవుల్లోని ఆవపల్లి బడిలో పని చేయడానికి రాజధాని జగదల్‌పూర్ నుంచి వచ్చిన పంతుళ్ళు ఎవరూ నిలవడం లేదని, తెలుగు వచ్చినవాణ్ణి వేస్తే అక్కడి భాషలు తొందరగా పట్టుబడతాయని ఎవరో పెద్దమనిషి అనుకున్నాడు. అలా దొరికింది ఆ ఉద్యోగం. పుస్తకాలన్నీ హిందీలో. పిల్లలు మాట్లాడేది దోర్లీ. నాకొచ్చింది తెలుగు. నా హిందీ పిల్లల కంటే రెండు పాఠాలు ముందుండేది, అంతే. ఆదివారం కూర్చుని మూడో పాఠం చదువుకోకపోతే సోమవారం నాకూ వాళ్ళకూ తేడా ఉండేది కాదు.

ఆ బడికి ప్రతి సంతరోజూ ఒకాయన వచ్చేవాడు. తాలిపేరు వాగు అవతల, తర్రెం వెళ్ళే దారిలో ఉన్న ఒక ఊరి కోట్వార్. కోట్వార్ అంటే ఊళ్ళో ఎవరు పుట్టారో ఎవరు చచ్చారో ప్రతి సంతరోజూ ఠాణాకి వచ్చి చెప్పి రాయించే మనిషి. దండోరా వేసేదీ ఆయనే, సర్కారువాళ్ళు ఊళ్ళు తనిఖీ చేస్తూ దౌరాకి వస్తే ముందు పరిగెత్తేదీ ఆయనే. అయిదు కోసులు, అంటే పది మైళ్ళు, నడిచి వచ్చేవాడు. ఆయనకు పేరుండే ఉంటుంది. నేను ఎప్పుడూ అడగలేదు. రెండేళ్ళూ "కోట్వారూ" అనే పిలిచాను. నా తప్పుల చిట్టాలో అది కూడా వేసుకోండి.

మనిషి పొట్టి. ఎర్రపాగా ఉతికి ఉతికి గులాబీరంగుకు దిగింది. బడిలోకి వస్తే బెంచీ మీద కూర్చోడు, నేల మీదా కూర్చోడు. గడప మీద కూర్చుంటాడు, ఒక కాలు లోపల, ఒక కాలు బయట.

"లోపలికి వచ్చి కూర్చో కోట్వారూ," అంటే:

"సర్కారు కొంప పంతులూ. ఒక కాలు బయట ఉంటే ఉరకనీకి అల్కగ ఉంటది."

"నువ్వూ సర్కారు మనిషివే కదయ్యా?"

"అందుకే గద ఒక కాలు లోపల పెట్టిన."

ఎవరినైనా నువ్వు అనే అనేవాడు. నన్ను, ఠాణేదారును, ఒకసారి దౌరాకి వచ్చిన పెద్ద దివానుగారిని కూడా. ఆయన భాషలో మీరు అనే మాట లేదు, నేర్చుకోవలసిన అవసరమూ ఆయనకు కనిపించలేదు.

నడుముకు ఒక నారతాడు చుట్టుకుని ఉండేవాడు. అడ్డతీగ నారతో పేనిన తాడు. దాని నిండా ముడులు. మగపిల్లాడు పుడితే ఒక ముడి. ఆడపిల్ల పుడితే ముడి మీద ముడి. చచ్చిపోతే ఆ ముడికి నూనెమసి పూసి నల్లగా చేసేవాడు. ఊళ్ళో ఎవరైనా నీళ్ళోసుకుంటే తాడును ఉచ్చులా వదులుగా వేసి ఉంచేవాడు, పుట్టాక బిగించడానికి. సంతరోజు ఠాణా అరుగు మీద నిలబడి తాడును వేళ్ళ మధ్య జారవిడుస్తూ చదువుతుంటే మున్షీ రాసుకునేవాడు. మున్షీ ఒకసారి తప్పు రాశాడు. మరుసటి వారం రాసింది చదివి వినిపిస్తుంటే కోట్వార్ తాడు తడిమి, "గా పిల్లను నువ్వు పోరగాణ్ణి జేసినవ్, మల్ల మార్చు," అన్నాడు. మున్షీ రిజిస్టర్ తిరగేసి చూసుకుని, దిద్ది, నా దగ్గరికొచ్చి, "తాడు సరే, నా రాత మీద కూడా వీడికి లెక్కుందే!" అని వాపోయాడు.

బడిలో ఆయన పని ఎవరూ ఇచ్చింది కాదు. దానంతట అదే మొదలైంది. నేను హిందీ పాఠం చదివి తెలుగులో చెప్పేవాణ్ణి. పిల్లలు నా మొహం చూసేవాళ్ళు. గడప మీంచి ఆయన దోర్లీలో ఒక మాట అనేవాడు. పిల్లలు తలూపేవాళ్ళు. రెండు నెలలు తిరిగేసరికి సంతరోజు పాఠం చెప్పేది ఆయనే, నేను పేజీలు తిప్పేవాణ్ణి. అక్షరం ముక్క రాని మనిషి, మూడు భాషలు గడప మీద కూర్చుని అటూ ఇటూ మోసేవాడు.

ఒక పాఠంలో రైలు బొమ్మ ఉంది. నేను రైలును ఒక్కసారి చూశాను. ఆయన అసలు చూడలేదు. అయినా వెనకాడలేదు. చాలాసేపు చెప్పాడు. పిల్లలు కళ్ళు పెద్దవి చేసుకుని విన్నారు.

"ఏం చెప్పావు?" అన్నాను.

"ఇనుప గొంగళిపురుగన్న. కడుపుల మనుషులుంటరు, దిగినంక బతికే ఉంటరన్న. తప్పా?"

తప్పని ఎలా అనను? తరువాత ఆయన నన్ను అడిగాడు. "అది వాగు దాటుతదా?"

"వంతెన ఉంటే దాటుతుంది."

"వంతెన ఎవలేస్తరు?"

"సర్కారు."

"గట్లనా," అని లోపల ఉన్న కాలు కూడా తీసి బయట పెట్టుకున్నాడు. పాగా కొస నోటికి అడ్డం పెట్టుకున్నాడు. భుజాలు ఎగిరాయి. ఆయన నవ్వడం నేను కనిపెట్టింది ఆ రోజే. అంతకుముందు పాపం ఉబ్బసం అనుకునేవాణ్ణి.

ఇంకోసారి నన్ను గురించి అడిగాడు. "నువ్వెట్ల సదివినవ్ పంతులూ?"

ఈ ప్రశ్న ఎవరైనా ఎప్పుడు అడుగుతారా అని చూస్తుండేవాణ్ణి. బాగా కష్టపడి చదివినట్టు చెప్పబోయాను. కానీ గడప మీద కూర్చున్న ఆయన మొహం చూస్తే అబద్ధం రాలేదు. అప్పటికి ఇంకా రాలేదు. "మా ఇంటి గోడా బడి గోడా ఒకటే," అన్నాను. "పలక మరిచిపోతే మా అమ్మ గోడ మీంచి అందించేది. ఎగ్గొడదామంటే కుదిరేది కాదు. పంతులుగారు గోడ దగ్గరికొచ్చి పేరు పెట్టి కేకేసేవాడు."



"అయితే నువ్వు సదవలే పంతులూ. మీ నాయిన ఇల్లు కట్టిన జాగా సదివింది."

నాకు కోపం వచ్చింది. లెక్కల్లో రెండుసార్లు తప్పినవాడికి అలాంటి మాటలు తొందరగా తగులుతాయి. ఆయనకు మాత్రం ఆ మాట తెగ నచ్చేసింది. అప్పటినుంచి దేనికైనా అదే. ఠాణేదారు కొడుకు గుర్రమెక్కి పోతుంటే, "జాగా సదివింది." సంతలో ఎవరి ఎడ్లో బలంగా కనిపిస్తే, "గడ్డి మంచిగున్న జాగ. ఎడ్లు సదివినయి." నేను పలకల మీద ఓనమాలు దిద్దిస్తుంటే గడప మీంచి పిల్లలతో దోర్లీలో ఏదో అనేవాడు. అందరూ నన్ను చూసి నవ్వేవాళ్ళు.

ఆయనతో ఒక మనవరాలు వచ్చేది. ఏడెనిమిదేళ్ళ పిల్ల. తల్లీ తండ్రీ లేరు, తాతే అన్నీ. వాగు దగ్గర భుజాల మీద ఎక్కించుకుని దాటించేవాడు. వారానికి ఒక్కరోజు, సంతరోజే ఆమె బడి. మిగిలిన ఆరు రోజులు బడి ఇక్కడా, ఆమె అక్కడా. వానలు పడి వాగు వచ్చిందంటే మూడు నెలలు అసలే లేదు. వారానికి ఒక అక్షరం నేర్చుకుని పోయి, తరువాతి సంతదాకా అదొక్కటే ఊరి ఇసకలో దిద్దుకునేది. మళ్ళీ వచ్చి, రాయి తీసుకుని బడి గోడ మీద రాసి, చేతులు దులుపుకుని, "ఇది అయిపోయింది. ఇంకోటి ఇయ్యి," అనేది. రోజూ వచ్చే పిల్లలు నెలకు ఒకటి మరిచిపోయేవాళ్ళు. ఈ పిల్ల ఇచ్చింది ఏదీ మరిచిపోలేదు. ఏడాది తిరక్కుండానే అచ్చులన్నీ దాటి హల్లుల్లో 'ఝ' దగ్గరికి వచ్చింది.

అప్పుడు జగదల్‌పూర్ నుంచి ఇన్‌స్పెక్టర్ సాహెబ్ దౌరా వేశాడు.

మా హాజిరీ పుస్తకంలో ముప్ఫై మంది. నిజంగా వచ్చేది తొమ్మిది మంది. ఆ తేడాను అన్ని బళ్ళలో ఎలా పూడ్చేవారో మా బడిలోనూ అలాగే పూడ్చాం. కోట్వార్ సంతలోకి వెళ్ళి పిల్లల్ని పోగేసుకొచ్చాడు. పరీక్ష రోజు అరువు పిల్లలు. వెనక వరసలో కూర్చోబెట్టిన ఒకడికి మీసాలున్నాయి.

"వీడెవడు?" అన్నాను గుసగుసగా.

"సోమారు. నీ పుస్తకంల పేరుంది."

"పుస్తకంలో సోమారుకు పదేళ్ళు!"

"వీనికి ఇద్దరు పిల్లలు. పెద్దోనికి పదేండ్లుంటయి తియ్. ఆడు జొరంతోని పడుకున్నడు, నాయిన వచ్చిండు."

సోమారు తండ్రి మోకాళ్ళ మధ్య తల దాచుకుని ఆ రోజు గండం గట్టెక్కించాడు. ఇన్‌స్పెక్టర్ మంచివాడు. లేక చూడనట్టు ఊరుకున్నాడేమో. ముందు వరసలో ఉన్న కోట్వార్ మనవరాలిని లేపి, పుస్తకంలో రైలు బొమ్మ చూపించి హిందీలో అడిగాడు. "ఇది మీ ఊరికి వస్తే ఎక్కుతావా?"

గడప మీంచి తాత దోర్లీలో చెప్పాడు. పిల్ల తల అడ్డంగా ఊపింది. "రాదు."

"ఎందుకు రాదు?"

"మా జాగా సదవలే."

కోట్వార్ ఆ మాటను హిందీలోకి మార్చడానికి ఒక్క నిమిషం తటపటాయించాడు. మార్చాడు. ఇన్‌స్పెక్టర్ నవ్వాడు, నవ్వు ఆపి, మీ ఊరెక్కడ, రోజూ ఎలా వస్తావు అని అడిగాడు. వారానికి ఒక్కరోజు అని తెలిశాక ఆ పిల్ల చేత గోడ మీద అక్షరాలన్నీ రాయించాడు. 'ఝ' దాకా రాసి చేతులు దులుపుకుంది. ఆయన గోడను చాలాసేపు చూశాడు.

"వాగు అవతల ఒక బడి ఉండాలి," అన్నాడు నాతో. "నువ్వు ఆ ఊరికి వెళ్ళు. పిల్లలెందరున్నారో నీ కళ్ళతో చూసి, లెక్కపెట్టి రిపోర్టు పంపు. ఇరవై మంది తేలితే నేను మంజూరు చేయిస్తాను. మొదట నువ్వే వెళ్ళి నడపాలి మరి. వీళ్ళ భాష ఇంకెవరికి వచ్చు?"

వాళ్ళ భాష నాకు రాదు. వచ్చినాయన గడప మీద ఉన్నాడు. ఆ సంగతి నేను చెప్పలేదు.

ఆవపల్లిలో ఏముందని మీరనుకోవచ్చు. ఉప్పు దొరికేది. టపా వచ్చేది. సాయంత్రాలు ఠాణా మున్షీతో పేకాట ఉండేది. వాగు అవతల అవి కూడా లేవు. జగదల్‌పూర్ వెళ్దామని రోజులు లెక్కపెట్టుకుంటున్నవాణ్ణి ఇంకా అయిదు కోసులు లోపలికి తోస్తారా అని నాకు ఆ క్షణం నుంచీ గుండెలో ముల్లు.

కోట్వార్‌కు వేరే చిక్కు. ఆ ఊళ్ళవాళ్ళు సర్కారు మనిషి వస్తున్నాడంటే పిల్లాజెల్లాతో అడవిలోకి పోయేవాళ్ళు. వెట్టికి పట్టుకుపోతారని ఒక భయం. వెనకటి పంతుళ్ళు పిల్లల్ని జబర్దస్తీగా లాక్కుపోయారని ఇంకో భయం. అసలు పిల్లల్ని లెక్కపెడితేనే కీడని మూడోది. ఈయన మూడు వారాలు ఇల్లిల్లూ తిరిగాడు. సంతరోజు వచ్చి నాకు చెప్పేవాడు. "ఇయ్యాల్టికి ఏడిండ్లు ఒప్పుకున్నయి. ఒక ముసల్ది ఉంది పంతులూ, లెక్కవెడితే పోరగాండ్లు తగ్గుతరంటది. ఏందే, ముప్ఫై ఏండ్ల సంది నా తాట్ల లెక్కవెడుతున్న, నీ కొడుకు తగ్గిండా, పొట్ట పెంచిండా అన్న."

"ఒప్పుకుందా?"

"తాడు గుంజుకొని తన కొడుకు ముడి యాడుందో చూపియ్యమంది. చూపిచ్చిన. ముడిని ముద్దు పెట్టుకుంది. ఒప్పుకున్నట్టే."

చివరికి ఊరంతా ఒప్పుకుంది. రోజు ఖాయమైంది. తాడుకు కొసన ఒక ఉచ్చు వదులుగా వేసి నాకు చూపించాడు. "ఇది బడి. కడుపుల ఉంది. నువ్వొచ్చి పోయినంక బిగిస్త."

కార్తీకం చివరి రోజులు. పొద్దున్నే బయల్దేరాను. దారి బాగానే ఉంది. ఎండ ఎక్కేసరికి వాగు దగ్గరికి చేరాను. నీళ్ళు మోకాలి లోతు. అడుగున గులకరాళ్ళు లెక్కపెట్టవచ్చు. అవతల ఒడ్డు నుంచి ఊరు అర కోసు. నేను ఒడ్డున ఒక బండ మీద కూర్చున్నాను. చెప్పులు విప్పాను. మూట విప్పి పేలాలు తిన్నాను. నీళ్ళు తాగాను. చెప్పులు తొడుక్కున్నాను. చేపలేవో తిరుగుతుంటే చూశాను. ఏదో ఒక అడ్డంకి వస్తే బాగుండునని నిజంగా ఎదురుచూశాను. ఒక పులైనా రాలేదు. పొద్దు నడినెత్తి దాటాక లేచి, వచ్చిన దారినే వెనక్కి వచ్చేశాను.

రిపోర్టు రాయడానికి కష్టపడలేదు. సర్కారు కాగితాల్లో ఆ వాక్యం ఎప్పటినుంచో తయారుగా ఉంది, ప్రతి దౌరాలోనూ ఎవరో ఒకరు రాసిందే. "గ్రామానికి వెళ్ళితిని. నన్ను చూడగనే గ్రామస్థులు తమ అలవాటు ప్రకారం పిల్లలతో సహా అడవిలోకి పారిపోయిరి. లెక్కించుటకు పిల్లలెవరును కనబడలేదు." హిందీలో రాశాను. నా హిందీలో ఒక్క తప్పు లేకుండా వచ్చిన మొదటి పేజీ అదే.

సంతరోజు కోట్వార్ వచ్చాడు, మనవరాలితో. గడప మీద కూర్చున్నాడు. నేను పుస్తకంలోంచి తల ఎత్తలేదు.

"ఏంది పంతులూ, జొరమొచ్చిందా?" అన్నాడు.

ఎంత దయగా అడిగాడో! చెయ్యి అందించినట్టే అనిపించింది. పట్టుకున్నాను. "అవును కోట్వారూ, బాగా జ్వరం. లేవలేకపోయాను."

"అనుకున్న. ఊర్ల గూడ గట్లనే చెప్పిన." రొంటిలోంచి ఒక ఆకుపొట్లం తీశాడు. నేలవేము. అక్కడే మూడు రాళ్ళు పెట్టి, నా గిన్నెలోనే కాచాడు. గ్లాసెడు చేదు. చేదంటే నాలుక మీద కాదు, చెవుల్లో తెలుస్తుంది. మొదటి గుక్కకే నా కళ్ళమ్మట నీళ్ళు కారాయి.

"మొత్తం తాగాలె పంతులూ. అడుగుల ఉన్నదే అసలు మందు."

తాగాను. లేని జ్వరానికి అడుగు వరకూ తాగాను. ఆ పొద్దు సంత అయ్యేదాకా ఉండి ఇంకోసారి తాగించాడు. తెల్లారి ఊరికి పోయే ముందు మూడోసారి. నేను తాగుతున్నంతసేపూ ఆయన పాగా కొస నోటికి అడ్డం పెట్టుకుని దగ్గుతూనే ఉన్నాడు. మనవరాలు తాత వెనక మొహం దాచుకుంది. పాపం, ఇద్దరికీ జలుబు చేసిందనుకున్నాను. ఆ మనిషి ఎలా నవ్వుతాడో తెలిసిన నేను, అలాగే అనుకున్నాను. అనుకోవాలనుకుంటే ఏదైనా అనుకోవచ్చు.

ఊరివాళ్ళ కోసం ఇంకో రోజు చెప్పమని అడుగుతాడేమో అని భయపడ్డాను. "జొరం తగ్గినంక రా," అన్నాడంతే.

తరువాత రెండు నెలలకు నాకు జగదల్‌పూర్ బదిలీ వచ్చింది. ఇన్‌స్పెక్టర్ ఆఫీసులో చక్కగా రిపోర్టులు రాసే మనిషి కావలసి వచ్చి, నా రిపోర్టు భాష నచ్చి పిలిపించాడట. బయల్దేరిన రోజు సంతరోజు కాదు. కోట్వార్‌కు చెప్పలేదు. ఆ తరువాత రాజ్యం పోయింది, నేను హెడ్మాస్టర్నయ్యాను, జగదల్‌పూర్‌లో హైస్కూలు వెనక వీధిలో ఇల్లు కట్టుకున్నాను. మా పిల్లలు ముగ్గురూ బడి గంట విని అన్నం ముందు నుంచి లేచి పరిగెత్తేవాళ్ళు. ముగ్గురూ బాగా చదివారు. మెచ్చుకున్నవాళ్ళ దగ్గర నేను తలూపేవాణ్ణి.

ఇక తోంగ్‌పాల్ సంత.

"ఇక్కడేం పని నీకు?" అన్నాను ఆమెను, మాట మార్చడానికి.

"మా ఆడబిడ్డ ఈడ ఆడపిల్లల హాస్టల్ల వండుతది. ఈ పిల్లను ఏయనీకి తెచ్చిన. మూడు దినాలైంది ఇల్లిడిసి." కూతురి తల మీద చెయ్యి వేసింది. పిల్ల రేకుపెట్టె మీద కూర్చుని నన్ను చూస్తోంది. పెట్టెకు గొళ్ళెం లేదు. తాడుతో కట్టి ఉంది. పాత నారతాడు, నిండా ముడులు, సగానికి పైగా నల్లవి.

"ఊళ్ళో బడి..."

"ఏం బడి? నువ్వొస్తవని కట్టినం గద. సాప, గుంజలు, తాటాకు కప్పు అంత మంచిగ. నీకిల్లు గూడ కట్టినం, బడికి ఆనిచ్చి. రెంటికీ నడుమ గోడ ఒకటే. నీ పిల్లలు గూడ సదువుతరని తాత గట్లనే కట్టాలెనన్నడు."

చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగేశాను.

"ఇప్పుడు మేకలను కట్టేస్తం," అంది ఆమె. "మస్తు సదివినయి పంతులూ, మా మేకలు." భుజాలు ఎగిరాయి.

"ఆ రోజు నాకు నిజంగా..." అన్నాను.

"బండ మీద కూసోని పేలాలు తిన్నవ్," అంది ఆమె, చిన్నపిల్లకు గుర్తు చేసినట్టు. "నేనూ తాతా నీకెదురొచ్చినం. అవతల ఒడ్డుకు తుప్పల్ల ఉన్నం. చెప్పులు ఇడుస్తివి, తొడుగుతివి. నేను పిలుస్త అంటే తాత నా నోరు మూసిండు. నువ్వు మర్లి పోయేదాంక చూసినం."

"ఊరివాళ్ళు?"

"పొద్దుగూకేదాంక కూసున్నరు. పోరగాండ్లకు నెత్తికి ఇప్పనూనె పెట్టి, వరసకు కూసోవెట్టిన్రు. ముప్ఫై నలుగురు. తాత పోయి, పంతులుకు మస్తు జొరం, తొవ్వల పడిపోయిండని చెప్పిండు."

"ఎందుకట్లా చెప్పాడు? నిజం చెప్పొచ్చుగా?"

నా వైపు జాలిగా చూసింది. ఇంత చదువుకున్నవాడికి ఇంత చిన్న సంగతి తెలియదా అన్నట్టు.

"చెప్తే ఇంకోపాలి కూసుంటరా? మల్ల అడవిలకే ఉరుకుతరు. నువ్వు కాకపోతే ఇంకో పంతులొస్తడు గద, అప్పటికి ఊరుండాలె గద అన్నడు తాత. అప్పటిసంది కూసుంటనే ఉన్నం. మలేరియా మందాయన వచ్చిండు, కూసున్నం. ఓట్లాయన వచ్చిండు, కూసున్నం. బడాయనే రాలే."

బస్సువాడు హారన్ కొట్టాడు. ఆమె వంగి పెట్టె తాడు సరిచేసింది. కొసన ఒక ఉచ్చు వదులుగా వేలాడుతోంది. పాతికేళ్ళు దాటినా ఎవరూ బిగించలేదు, ఎవరూ విప్పలేదు. పిల్ల దాంట్లో వేలు దూర్చి ఆడుకుంటోంది.

"మందు చేదుగుండెనా?" అంది ఆమె, నేను బస్సు మెట్టు ఎక్కుతుంటే.

"చాలా."

"తాత కావాలనే ఎక్కువ ఆకేసిండు," అంది. ఈసారి కొంగు అడ్డం పెట్టుకోలేదు.

ఇంటికి వచ్చిన మర్నాడు ఒక కాగితం రాసి విద్యాశాఖ ఆఫీసుకు పంపాను. పాత ఫైలు ఉందో, చెదలు తిన్నదో తెలియదు. ఉంటే దానికి జత చేయమన్నాను, లేకపోతే దీనితోనే కొత్త ఫైలు మొదలుపెట్టమన్నాను. నకలు నా దగ్గర ఉంచుకున్నాను. అందులో ఇలా ఉంది:

"ఆ ఊరిని గురించి నేను పంపిన రిపోర్టు అబద్ధం. నేను వాగు దాటలేదు. నీళ్ళు మోకాలి లోతే ఉన్నాయి. గ్రామస్థులు ఎక్కడికీ పారిపోలేదు. పిల్లలు ముప్ఫై నలుగురు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఊళ్ళోనే కూర్చుని ఉన్నారు. ఇప్పటికీ కూర్చునే ఉన్నారు."